ఎనిమిది నెలల టైర్లు

గోరు లోపలికి దిగింది. పోయిన వారం అంచు మాత్రమే పట్టిన టైరు పగులులోకి ఇవాళ బొటనవేలి గోరు సగం దాకా పోయింది. యోనా చెయ్యి వెనక్కి లాక్కుని, ఎవరైనా చూశారేమోనని ద్రాక్ష పందిరి కింద అటూ ఇటూ చూశాడు. కత్తిరింపులు అయిపోయిన తీగల మీద కొత్త చిగుళ్లు వేలెడేసి వచ్చాయి. వాటికి ఇవాళ మైలుతుత్తం మందు కొట్టాలి. డ్రమ్ము నింపి ట్రాక్టర్‌కు తగిలించి అరగంట దాటింది. అతను మాత్రం ఇంకా వెనక చక్రం ముందు కూర్చునే ఉన్నాడు.

పగుళ్లు ఒకచోట లేవు. టైరు పక్కలంతా సన్నగా అల్లుకుపోయి, మట్టిని పట్టే గట్ల మొదళ్ల దగ్గర మాత్రం లోతుగా ఉన్నాయి. నాలుగు చక్రాలదీ అదే కథ. బండి కొన్నది ఫిబ్రవరిలో, ఇది అక్టోబరు. తల వంచితే గానీ నడవలేని పందిరి కింద పెద్ద ట్రాక్టర్ దూరదు కాబట్టి ఈశ్వరయ్య పటేలు ముచ్చటపడి ఈ చిన్నదాన్ని తెప్పించాడు. శంషాబాద్ నుంచి కొత్తూరు దాకా రోడ్డు పక్క తోటల్లో ఇంత చిన్న ట్రాక్టర్ మరొకటి లేదు. తాళంచెవి చేతికిచ్చిన రోజున, "ఇది ఖరాబయిందంటే నీ పని గూడ ఖరాబే" అని పటేలు నవ్వుతూ అన్నాడు. పటేలు నవ్వుతూ అన్న మాటలంటేనే యోనాకు ఎక్కువ భయం.

"ఏంది యోనా, దానితోని ముచ్చట పెడుతున్నవా?"

యోనా గతుక్కుమని లేచాడు. తల పందిరి తీగకు తగిలింది.

"ఏంలే పటేలా. గాలి చూస్తున్న."

ఈశ్వరయ్య మోకాలు పట్టుకుని మూలుగుతూ వంగాడు. వయసు అరవై దాటినా చూపు మాత్రం గద్ద చూపు. జేబులోంచి కారు తాళంచెవి తీసి పగులులో పెట్టి చూశాడు. తాళంచెవి అక్కడే నిలబడింది. ముందు చక్రాల దగ్గరికి పోయి వాటినీ చూశాడు.

"ఎనిమిది నెలలల్ల టైరు గిట్ల పలుగుతదా? నా కారుకు నాలుగేండ్ల సంది అవే టైర్లున్నయ్."

"ఎండకేమో పటేలా."

"ఎండ నా కారుకు కొడ్తలేదా?" ఈశ్వరయ్య గొంతు మెల్లగా ఉంది. అరిస్తే యోనాకు నయంగా ఉండేది. "నేను పట్నం పోయిన దినాలల్ల బండి ఏడికి పోతుంది? నిజం చెప్పు. కంకర గుంజుతున్నవా? కొత్తూరు ఫ్యాక్టరీలకు రాయి కొడుతున్నవా?"

"తోట గేటు దాటలే పటేలా, మా తల్లి తోడు. ఒక్కపాలి దాటింది. ఆగస్టుల తుమ్మముల్లు దిగి పంచరయిననాడు." అక్కడ ఆగిపోతే సరిపోయేది. కానీ పటేలు చూపు ముఖం మీదనే ఉంది, నోరు దానంతటది కదిలింది. "ఆ రాత్రి బండి విలాయత్ భాయ్ దుకాణం కాడనే ఉండె గద."

అంతే అన్నాడు. మిగిలింది పటేలే అల్లుకున్నాడు. ఈశ్వరయ్య లేచి తాళంచెవి తుడుచుకుని, "మార్చిండన్నట్టు" అన్నాడు. యోనా అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. మందు డ్రమ్ము మూత బిగిద్దామని వంగాడు. అది అంతకుముందే బిగించి ఉంది.

మర్నాడు శుక్రవారం. పటేలు కారు ముందు, యోనా ట్రాక్టర్ వెనక, రెండూ పెద్ద రోడ్డు మీదికి వచ్చాయి. విలాయత్ అలీ దుకాణం శంషాబాద్ బస్టాండుకు ఈ పక్కన ఉంది. పైన నాలుగు రేకులు, గాలి కొట్టే హవా మిషను, నీళ్ల తొట్టి, పాత టైర్ల కుప్ప. నమాజు చేసి వచ్చినట్టున్నాడు, ఉతికిన చొక్కా చేతులు పైకి మడిచి ఒక స్కూటరు ట్యూబును నీళ్లలో ముంచి తిప్పుతున్నాడు. బుడగ లేచిన చోట వేలుపెట్టి, రెండో చేత్తో పెన్సిలు గీత గీశాడు. ఆ గీత గీసే దాకా తల ఎత్తడని ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు.

తల ఎత్తి, "ఆయియే పటేల్ సాబ్" అన్నాడు.

కూర్చోమని స్టూలు తుడిచి వేశాడు. ఈశ్వరయ్య కూర్చోలేదు. నిలబడే, రోడ్డు అవతల చాయ్ హోటల్లో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా అన్నాడు.

"నా కొత్త టైర్లు యాడ అమ్మినవ్ విలాయత్?"

విలాయత్ అలీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలోని నెత్తురంతా ఎటో పోయింది. ట్రాక్టర్ చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ చూశాడు. వేలితో రాసి చూసి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. పటేలు అననిస్తే కదా!

"నకరాలు చెయ్యకు. నా తోటల పాము గూడ నాకు తెల్వకుండ తిరగదు. ఒక్క రాత్రి నీ కాడుంటే పాత టైర్లు తొడిగి పంపిస్తవా?"

"అల్లా కసమ్ పటేల్ సాబ్, ఇరవై ఏండ్ల సంది ఇదే రోడ్డు మీద కూసున్న. ఒకని వాల్వు మూత గూడ తియ్యలే." విలాయత్ అలీ యోనా వైపు తిరిగాడు. ఆ తిరగడంలో దిగులు లేదు, ధీమా ఉంది. "యోనా ఉన్నడు గద, అడుగుండ్రి. ట్యూబు కోసం నేను మైలార్‌దేవ్‌పల్లి పోయొచ్చేసరికి చీకటైంది. బండి విడిసిపెట్టొద్దని మీరే చెప్పిన్రంట. రాత్రి ఈన్నే పండుకున్నడు, బండికి ఆనుకొని. మా ఇంట్ల నుంచి రొట్టెలొచ్చినయ్, ఇద్దరం తిన్నం. చెప్పు యోనా భాయ్."

చాయ్ హోటల్లో గ్లాసులు ఆగాయి. నలుగురైదుగురు రోడ్డు దాటి వచ్చారు. యోనాకు ఆ రాత్రంతా గుర్తుంది. దోమలకు కన్ను మూతపడలేదు. చెయ్యి టైరు మీద వేసుకుని తెల్లవార్లూ లారీలు లెక్కపెట్టాడు. ఆ టైర్లను ఎవరూ తాకలేదని చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద తానొక్కడే. చెప్తే మాత్రం పటేలు అడిగే తర్వాతి మాట ఏమిటో కూడా తెలుసు. విలాయత్ కాకుంటే మరి నువ్వేనా?

"నాకు నిద్రవట్టింది భాయ్" అన్నాడు యోనా.

విలాయత్ అలీ మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. పటేలు చాలాసేపు మాటలన్నాడు. తోటలవాళ్లందరికీ చెప్తానన్నాడు, లారీలవాళ్లకూ చెప్తానన్నాడు. టైర్ల కంపెనీ మనిషిని సోమవారం పిలిపిస్తున్నానని, వాడే తేలుస్తాడని అన్నాడు. స్కూటరు ట్యూబు యజమాని మెల్లగా వచ్చి, నీళ్లలోంచి ట్యూబు తీసుకుని, గీత గీసిన చోట వేలు పెట్టుకుని వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం యోనా ఎప్పటిలాగే ట్రాక్టర్ కడిగాడు. ఇది అతని నియమం. పటేలు చెప్పలేదు, జీతంలో లేదు. ఇదే తోటలో ఎడ్లను సాకిన రోజుల్లో శనివారం శనివారం వాటిని కడిగి, కొమ్ములకూ డెక్కలకూ ఆముదం పట్టించేవాడు. ఎండలకు డెక్క పగిలితే రెండు పూటలా పట్టించేవాడు. ఆదివారం పొద్దున వాటి నడక చూస్తే అతని కడుపు నిండేది. ఎడ్లను అమ్మేసి ఈ బండి చేతికిచ్చాక దానికేం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. తనకు తెలిసిందే చేశాడు.

ముందు గ్యాసునూనెలో ముంచిన గుడ్డతో టైర్ల మీది మైలుతుత్తం మరకలు తుడిచాడు. తర్వాత ఇంజన్‌లోంచి తీసి దాచిన కాలిన ఆయిలు డబ్బా తెరిచి, అరచేత్తో తీసి, టైరు పక్కలకు రుద్దాడు. పగుళ్లున్న చోట వేలితో లోపలికి పంపించాడు. ఈ వారం రెండోసారి రుద్దాడు, డబ్బా సగం చేశాడు. కాలిమడమ పగిలిన మనిషికి పట్టించినట్టు అంత ఓపికగా, అంత ప్రేమగా పట్టించాడు. రబ్బరు నల్లగా నిగనిగలాడుతుంటే, ఇంకో పది రోజులకు పగుళ్లు పూడుకోవచ్చునని ఆశపడ్డాడు.

మర్నాడు సంస్కారపు ఆదివారం. చర్చిలో ప్రభువు రొట్టె పళ్లెం వరుస వెంబడి వచ్చింది. తప్పు మనసులో పెట్టుకున్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. పక్కన కూర్చున్న సోమయ్య తీసుకుని పళ్లెం అందించాడు. యోనా దాన్ని అందుకుని, ముక్క తీసుకోకుండా అవతలివాళ్లకు ఇచ్చాడు. ఆడవాళ్ల వైపు నుంచి భార్య ప్రేమావతి అది చూసింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన చెయ్యి ఖాళీగా ఉండటం ఆమె చూడలేదు. ఇంటికి వచ్చి, చీర కొంగు దోపుకుని, పొయ్యి ముందు కూర్చుని అడిగింది.

"ఏం చేసినవ్?"

యోనా చెప్పాడు. నిద్రవట్టింది అన్న మాట కూడా దాచకుండా చెప్పాడు.

ప్రేమావతి పుల్లలు లోపలికి తోసింది. "ఆ దినం విలాయత్ భాయ్ ఇంటామె సురయ్యా పంపిన రొట్టెలు మిగిలినయని ఇంటికి తెచ్చినవ్. నేను గూడ తిన్న" అంది. "ఇగ ఆమె బజార్ల ఎదురొస్తే నేనేం మొఖం పెట్టుకోవాలె?"

"పని పోతది ప్రేమా."

"పోతది" అంది ఆమె. పోదని అబద్ధం చెప్పలేదు.

సోమవారం పది గంటలకు కంపెనీ మనిషి మోటారు సైకిలు మీద తోటకు వచ్చాడు. పేరు వినోద్ కుమార్, కోస్తా వైపు మనిషి. తెల్ల చొక్కా, చేతిలో రెక్సిన్ సంచి. పటేలు పెట్టించిన కుర్చీ వదిలేసి సరాసరి ట్రాక్టర్ దగ్గరికే వచ్చాడు. సంచిలోంచి కొన్ననాటి కాగితం తీసి, ప్రతి టైరు పక్కనా అచ్చు పడి ఉన్న నంబరును చేత్తో తడిమి చదివి, కాగితంలో టిక్కు పెట్టుకున్నాడు. నాలుగు టిక్కులయ్యాయి.

"ఇవి మేమిచ్చిన టైర్లేనండి. ఒక్కటి కూడా మారలేదు."

ఈశ్వరయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. "అయితే మీ మాలే ఖరాబు."

వినోద్ కుమార్ నవ్వలేదు, వాదించలేదు. జేబురుమాలు తీసి టైరు పక్కన గట్టిగా ఒక్కసారి రుద్దాడు. రుమాలు నల్లగా, జిగటగా వచ్చింది. బొటనవేలితో రబ్బరును నొక్కాడు. వేలు పడిన చోట సొట్ట వెంటనే పోలేదు.

"దీనికి ఏం రాస్తున్నారు?"

పటేలు యోనా వైపు చూశాడు. యోనాకు ఆ ప్రశ్నలో తప్పేమీ కనబడలేదు. ఇన్నాళ్లకు ఎవరో తన కష్టాన్ని గుర్తించారనిపించి, కొంచెం ముందుకు వచ్చి మరీ చెప్పాడు. "గ్యాసునూనెతోని తుడుస్త సార్. తుడిసినంక కాలిన ఆయిలు పట్టిస్త. ప్రతి శనివారం. ఒక్క వారం గూడ తప్పలే."

"పగుళ్లు వచ్చాక ఆపేశారా?"

"లే సార్. పలిగినంక ఇంకా ఎక్కువ పట్టిస్తున్న."

వినోద్ కుమార్ రుమాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "రబ్బరుకు నూనె పడదండి. కిరోసిన్ గానీ, ఆయిల్ గానీ రాస్తే అది ఉబ్బుతుంది, లోపలి పట్టు పోతుంది, పగులుతుంది. మీరు మంచినీళ్లతో కడిగి ఊరుకుని ఉంటే ఇంకో అయిదారేళ్లు చూసుకోనక్కర్లేదు." అతని గొంతులో కోపం లేదు. యోనాకు అదే మరీ కష్టమనిపించింది. తన అరచేతులు చూసుకున్నాడు. గీతల్లో నలుపు ఇంకా పోలేదు. ముప్పై శనివారాలు ఈ చేతులతోనే వాటిని చంపాడు. ఆ చేతులు నరుక్కోవాలన్నంత రోత పుట్టింది.

కంపెనీ ఏమీ ఇవ్వదని చెప్పి వినోద్ కుమార్ వెళ్లిపోయాడు. ఇక పిడుగు పడుతుందని యోనా తల వంచుకుని నిలబడ్డాడు. పడలేదు. ఈశ్వరయ్య ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత కడుపుతో నవ్వాడు, నవ్వీ నవ్వీ దగ్గుతో కుర్చీలో కూలబడ్డాడు.

"ఎద్దనుకున్నవారా దాన్ని? నూనె పెట్టి జడెయ్యకపోతివి!" కళ్లు తుడుచుకున్నాడు. "నేనేందో దొంగతనం చేసినవనుకుంటి. ఇంతేనా? పాపపుటోనివి. పో, మందు కొట్టుపో. కొత్త టైర్లకు మాత్రం చెయ్యి తగిలిస్తే ఇరగ్గొడత."

పని పోలేదు. అయిదు రోజులుగా గుండె మీద కూర్చున్న బండ అంత తేలిగ్గా దిగిపోయినందుకు యోనాకు ఏడుపొచ్చింది. పది అడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చాడు.

"పటేలా, విలాయత్ భాయ్‌కి చెప్పొస్త. ఆయన తప్పేం లేదని."

ఈశ్వరయ్య నవ్వు ఆగిపోయింది. "ఏం జెప్తవ్?"

"టైర్లు మారలేదని. నేనే ఖరాబు చేసిన్నని."

"అంటే, ఈశ్వరయ్య నోటికొచ్చింది కూసిండని రోడ్డు మీద చాటుతవన్నట్టు." పటేలు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నలుగురిల అన్న మాట నేను వాపస్ తీసుకోను. నాలుగు దినాలైతే అందరు మరుస్తరు. ఆ మాట ఈడనే ఉండనీ. ఉండనియ్యనంటే, తాళంచెవి గూడ ఈడనే పెట్టిపో."

ఆ రోజు యోనా తాళంచెవి పెట్టలేదు. నాలుగు డ్రమ్ముల మందు కొట్టాడు. వరుస వరుసకూ తల వంచి పందిరి కింద పోతూ, నాలుగు రోజుల్లో మరిచిపోతారన్న పటేలు మాటను నమ్మాలని చాలా ప్రయత్నించాడు. మర్నాడు పొద్దున కూడా రెండు డ్రమ్ములు కొట్టాడు. మూడోది నింపుతూ ఉండగా చేతులు ఆగిపోయాయి. డ్రమ్ము ఖాళీ చేసి, మంచినీళ్లతో గొట్టం కడిగి, తాళంచెవిని మోటారు గదిలో మేకుకు తగిలించి బయటికి నడిచాడు.

విలాయత్ అలీ దుకాణంలో హవా మిషను ఆగి ఉంది. తొట్టిలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. అతను స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, వచ్చే పోయే లారీలను చూస్తున్నాడు. యోనా అంతా చెప్పాడు. కాలిన ఆయిలు సంగతి, నంబర్ల సంగతి, ఆ రాత్రి కన్ను మూతపడలేదన్న సంగతి.

"ఆయిలు సంగతి నాకు శుక్రవారమే ఎరుక" అన్నాడు విలాయత్ అలీ. "వాసనొచ్చింది. చెప్తమనుకునే లోపట నువ్వు నిద్రవట్టిందంటివి. ఇగ నేనేం జెప్తే ఎవరు నమ్ముతరు?"

"తప్పయింది భాయ్."

"ఆ దినం చెప్తే నా ఇజ్జత్ ఉంటుండె. ఇయాల చెప్తే నీ మనసు హల్కా అయితది. నాకేం ఒచ్చింది?" విలాయత్ అలీ గొంతు పెంచలేదు. "ఒక్కనివే వచ్చి నా చెవుల చెప్తున్నవ్. పటేలు రోడ్డు మీద చెప్పిండు. పో యోనా, నా ముంగటికెల్లి పో."

యోనా రోడ్డు దాటి చాయ్ హోటలుకు పోయి, అక్కడున్న ఇద్దరికీ గట్టిగానే చెప్పాడు. ఒకడు తలూపాడు, రెండోవాడు చాయ్ తాగుతూనే ఉన్నాడు. వాళ్లు ఆ శుక్రవారం నాటివాళ్లు కారు. ఇట్లా కాదనుకుని, తోటల దారి పట్టాడు.

మొదటి తోట పెంటయ్యది. పెంటయ్య మంచివాడు, పనివాడి విలువ తెలిసినవాడు. తాను కూడా చిన్న ట్రాక్టర్ కొంటున్నానని, "నీ అసుంటోడు నాకు దొరకడు, ఎప్పుడన్న పటేలు కాడ పొసగకపోతే నా తాన్కి రా" అని కిందటి నెలలోనే అన్నాడు. ఆ మాట యోనాకు నడిచినంతసేపూ గుర్తుంది. గేటు దగ్గరే పెంటయ్య కనబడ్డాడు, కత్తెర పట్టుకుని ఎండు తీగలు కత్తిరిస్తూ.

"రా యోనా. ఏంది, ఎండల బడి వచ్చినవ్?"

"ఒక ముచ్చట చెప్పిపోదమని వచ్చిన పటేలా. విలాయత్ భాయ్ టైర్లు మార్చిండన్న మాట అబద్ధం. కంపెనీ మనిషొచ్చి నంబర్లు చూసిండు. అవే టైర్లు. నేనే తెల్వక నూనె పట్టించి పలగొట్టిన."

పెంటయ్య ఒక తీగ కత్తిరించి కింద పడేశాడు. "మంచిగైంది, తేలింది. అయినా నేను ఇగ ఆయన కాడికి పంపనులే. వేరేటోన్ని చూసుకున్న."

"ఆయన తప్పేం లేదు పటేలా."

"ఈపాలి లేకపోవచ్చు." పెంటయ్య నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, లోకం తెలిసినవాడి నవ్వు. "ఏదో ఉండబట్టే గద అంతమందిల ఆ మాట వచ్చింది. ఊకెనే అంటరా ఎవరన్న?"

ఇక్కడితో తల ఊపి ఊరుకుంటే రేపటి నుంచి ఈ తోటలోనే పని ఉంటుంది. పెంటయ్య పనికి రమ్మని అడగబోతున్నాడని కూడా యోనాకు తెలుస్తూనే ఉంది.

"అంటరు పటేలా. నేను ఊకెనే అన్న. ఆ మాట ముందుగాల ఈశ్వరయ్య పటేలుకు అందిచ్చింది నేనే. రాత్రంత మెలకువగనే ఉండి, నిద్రవట్టిందని చెప్పింది గూడ నేనే. నా పని పోతదని అన్న."

కత్తెర ఆగింది. పెంటయ్య అతన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. నెల రోజుల కింద పనికి రమ్మన్న మనిషి ఇతనేనా అని పోల్చుకుంటున్నట్టు చూశాడు. రెండడుగులు ముందుకు వచ్చి, యోనా బయట ఉండగానే గేటు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టాడు.

యోనా రోడ్డు మీదికి వచ్చాడు. కొత్తూరు దాకా ఇంకా పదకొండు తోటలున్నాయి. పక్క తోట వైపు నడిచాడు.